పఫర్ చేప పది రోజులుగా తినడం లేదు, పొట్ట మీద తెల్ల చుక్కలు. మందు రెట్టింపు చేయొచ్చా?

బోర్డు_రిపేర్_తిరుపతి (ఆదివారం, రాత్రి 11:40)

నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. సెల్‌ఫోన్ రిపేరు అంగడి నడుపుతా ఉండా. చేపల గురించి నాకు తెలిసింది రవ్వంత. తప్పు చేసుంటే తిట్టండి, పర్వాలేదు, కాకపోతే కొంచెం తొందరగా తిట్టండి.

ఇంట్లో ఉండేది ఒకటే చేప. పఫర్. వీపు ఆకుపచ్చ, దాని మీద నల్ల చుక్కలు, పొట్ట తెలుపు. పోయిన సంవత్సరం స్పేర్ల కోసం చెన్నైకి పొయ్యి, రిచీ స్ట్రీట్‌లో పని అయిపోయినాక కొళత్తూరు దాకా పొయ్యి 250 రూపాయలకి ఎత్తుకొచ్చినా. అప్పుడు బఠాణీ కంటే కొంచెం పెద్దది. ఇప్పుడు రెండున్నర ఇంచీలు. అమ్మినాయన "మంచినీళ్ళ చేపే సార్, ఏం తొందర ల్యా" అని సగం అరవం సగం తెలుగులో చెప్పినాడు. రైల్లో మూడు గంటలు కవరు ఒళ్ళో పెట్టుకొని వచ్చినా. కోపం వస్తే ఉబ్బుతుందని మా పాప దానికి బోండా అని పేరు పెట్టింది.

తొట్టి రెండడుగులది, నీళ్ళు 60 లీటర్లు ఉంటాయి. హీటర్ లేదు, ఏప్రిల్లో తిరుపతిలో హీటర్ పెట్టేవాడు ఎవుడు? ఫిల్టరు ఉండాది. నీళ్ళు బోరువి. తిండి ఎండబెట్టిన బ్లడ్ వార్మ్స్, గుళికలు. ఇంగొక మాట, మా ఇంట్లో నీచు రాదు. ఫ్రిజ్‌లో రొయ్య కనిపిస్తే మా అమ్మ తిరుచానూరులో మా చెల్లెలి ఇంటికి కాపురం మార్చేస్తుంది. శనివారం అయితే ఆ ఎండు పురుగులు కూడా వేయనీదు. అంటే బోండాకి వారానికొక తూరి ఉపవాసం.

ఇప్పుడు సంగతి. పది రోజులుగా తినడం లేదు. తిండి వేస్తే వస్తుంది, చూస్తుంది, నోట్లోకి లాక్కుంటుంది, ఉమ్మేస్తుంది. మళ్ళ లాక్కుంటుంది, మళ్ళ ఉమ్మేస్తుంది. ఇంగ మూలకి పొయ్యి తోక ముడుచుకొని కూర్చుంటుంది. తెల్లగా ఉండే పొట్ట బూడిద రంగుకి తిరిగింది. ఆ పొట్ట మీద తెల్ల చుక్కలు, బొంబాయి రవ్వ చల్లినట్టు.

ఊళ్ళో ఒక అంగట్లో చూపిస్తే వైట్ స్పాట్ అని చెప్పి నీలం మందు ఇచ్చినారు. మూడు రోజులు వేసినా. మొక్కలతో పాటు వచ్చిన నత్తలు నాలుగుండె, నాలుగూ చచ్చినాయి. చేప ఊపిరి ఎక్కువైంది, చెంపలు గబగబా కొట్టుకుంటా ఉండాయి. చుక్కలు మాత్రం అట్లే ఉండాయి. మందు చాల్లేదేమో, రెట్టింపు వేయొచ్చా?

---

బాదమాకు (ఆదివారం, రాత్రి 11:58)

బ్రో, రెండు ఎండిన బాదం ఆకులు వేయి, చిటికెడు పసుపు, గుప్పెడు కల్లుప్పు. మా గప్పీ చేపలకి ఎప్పుడు ఏమొచ్చినా ఇదే. వైట్ స్పాట్ వారంలో మాయం.

---

కొళత్తూర్_వీకెండ్ (సోమవారం, ఉదయం 6:15)

ముందుగా ఒకటి. మందు రెట్టింపు చేయకండి. అసలు ఇంకొక చుక్క కూడా వేయకండి.

నాది తిరుపతే, M.R. పల్లె దగ్గర పెరిగాను, ఉద్యోగం చెన్నైలో. పఫర్లు ఆరేళ్ళుగా పెంచుతున్నాను. నత్తలన్నీ ఒకేసారి చచ్చాయంటే ఆ సీసాలో రాగి ఉన్నట్టే లెక్క. రాగి నత్తల్ని చంపుతుంది, చేపని సతాయిస్తుంది. పఫర్‌కి పొలుసులు ఉండవు. పొలుసున్న చేప తట్టుకునే మోతాదు దీనికి నేరుగా ఒంటికి తగులుతుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చూసి చెప్పండి.

రెండోది. మీరు చెప్పిన పోలికలకి అది గ్రీన్ స్పాటెడ్ పఫర్. ఏరు సముద్రంలో కలిసేచోట ఉండే చేప. మన పక్కనున్న పులికాట్ నీళ్ళు నోట్లో వేసుకున్నారా ఎప్పుడైనా? పూర్తి ఉప్పూ కాదు, మంచినీళ్ళూ కావు. అట్లాంటి నీళ్ళు దానికి కావాలి. పెద్దయ్యేకొద్దీ ఉప్పు పెంచాలి. మంచినీళ్ళ చేప అని అమ్మడం కొళత్తూరులో ఒక్కచోటే జరిగేది కాదు, ఎక్కడైనా అంతే, పిల్లప్పుడు బతుకుతుంది కాబట్టి చెల్లిపోతుంది. అసలు మంచినీళ్ళ పఫర్ అంటే కేరళ నదుల్లో దొరికే బఠాణీ పఫర్, అది పెరిగి పెరిగి ఒక ఇంచీ. మీది ఆరు ఇంచీల దాకా పోతుంది.

కానీ ఉప్పు సంగతి తర్వాత. ముందు అమ్మోనియా, నైట్రైట్ (రెండూ తొట్టి నీళ్ళలో చేరే విషాలే), పీహెచ్, నీళ్ళ వేడి, ఈ నాలుగు అంకెలు కావాలి. అవి లేకుండా ఎవరు ఏం చెప్పినా సోదె చెప్పినట్టే.

---

బోర్డు_రిపేర్_తిరుపతి (సోమవారం, రాత్రి 9:30)

అన్నా, పొద్దున మీ మాట చదివి సిగ్గుపడినా. ఎవుడైనా ఫోను తెచ్చి "ఆన్ కావడంలేదు, ఐసీ మార్చు" అంటే "ముందు వోల్టేజీ చూడనీ సామీ" అని నేనే కసురుతాను. ఇక్కడ నేనే మీటరు పెట్టకుండా ఐసీ పీకినా.

టెస్ట్ కిట్ ఊళ్ళో దొరకలేదు. ఒకచోట పీహెచ్ కాగితాలు మాత్రం ఉండాయి. పక్కింటి పిల్లోడు ఇంజనీరింగ్ చదువుతాడు, వాడి స్నేహితుడి దగ్గర కిట్ ఉంటే అడుక్కొచ్చినా. అంకెలు:

అమ్మోనియా 1 పీపీఎం. నైట్రైట్ 0.5. పీహెచ్ 8.2. వేడి 31 డిగ్రీలు.

సీసా మీద నా మైక్రోస్కోపు పెట్టి చూస్తే అడుగున కాపర్ అని ఉండాది. కంటికి ఆనదు, అంత చిన్నగా అచ్చేసినారు.

---

మామిడితోట_దామలచెరువు (సోమవారం, రాత్రి 10:05)

నాకు చేపలు తెలియవు, చేపల తొట్టి ఉండేది మా పిల్లోళ్ళకి. కానీ రాగి అంటే తెలుసు. మైలుతుత్తం మాకు తోటలో సున్నంతో కలిపి కొట్టేదే. ఆ కలిపిన డ్రమ్ము కడిగిన నీళ్ళు ఒకతూరి కాలవలోకి పొయ్యినాయి, రెండో రోజుకి కాలవలో ఒక్క నత్త ప్రాణంతో లేదు. ఆ కొళత్తూరాయన చెప్పింది నిజం. ఆ నీళ్ళు మార్చేయి నాయనా.

---

ముత్తుకూరు_బ్యాచ్ (సోమవారం, రాత్రి 11:20)

అన్నా, నేను ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువుకున్నాను, సొంతూరు చంద్రగిరి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ పీహెచ్ 8.2, వేడి 31. ఈ రెండూ కలిసినప్పుడు 1 పీపీఎం అమ్మోనియా చిన్న అంకె కాదు. అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పల్ని కాల్చేస్తుంది. పీహెచ్ 7 దగ్గర ఆ రెండోది నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8కి వచ్చేసరికి, ఈ ఎండల వేడిలో, నూటికి ఏడు వంతులు దాటిపోతుంది. చెంపలు కొట్టుకుంటున్నాయన్నారే, దాని వల్లే. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కూడా. ఫిల్టర్లో అమ్మోనియాని తినేసే మంచి బ్యాక్టీరియాని ఆ మందు దెబ్బ తీసి ఉంటుంది, చచ్చిన నత్తలు కుళ్ళి ఉంటాయి, ఉమ్మేసిన తిండి అడుగున ఉండే ఉంటుంది. అమ్మోనియా అక్కడి నుంచే వచ్చింది.

ఈ రాత్రే మూడో వంతు నీళ్ళు మార్చండి. బోరు నీళ్ళు పట్టి గంటసేపు ఎయిర్ పంపు పెట్టి, వేడి సరిచూసి పోయండి. మున్సిపల్ నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, సోడియం థయోసల్ఫేట్ రెండు పలుకులు వేయకుండా పోయొద్దు. రేపు, ఎల్లుండి, ఆ మర్నాడు కూడా అంతే. ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మందు కొంత లాగుతుంది. కానీ అసలు పని నీళ్ళు మార్చడమే చేస్తుంది. ఫిల్టర్ స్పాంజి మాత్రం కుళాయి కింద కడగకండి, ఆ మంచి బ్యాక్టీరియా ఉండేది దాంట్లోనే.

ఇప్పుడు తెల్ల చుక్కలు. నాకు అవి వైట్ స్పాట్ అనిపించడం లేదు. ఎందుకంటారా? వైట్ స్పాట్ పురుగు చేప ఒంటి మీద కొన్ని రోజులు పెరిగి, రాలి, అడుగుకి పోయి వందల పిల్లల్ని పెట్టి మళ్ళీ పైకొస్తుంది. అంటే చుక్కలు చోటు మారాలి, పెరగాలి, ముందు రెక్కల మీద కనిపించాలి. మీవి పది రోజులుగా పొట్ట మీదే, అట్లే ఉన్నాయన్నారు. పైగా 30 డిగ్రీలు దాటితే ఆ పురుగు పెరగడమే కష్టం.

మీ దగ్గర మైక్రోస్కోపు ఉందన్నారు కదా. చేపని బయటికి తీయకుండా, అద్దం దగ్గరికి వచ్చినప్పుడు పొట్ట చూడండి. చుక్క గుండ్రంగా ఉందా, మొనతేలి ఉందా? అట్లే నోరు చూడండి. పెదాల మధ్య పళ్ళు ఎంత బయటికి ఉన్నాయి? నోరు మూతపడుతోందా?

తిండి నోట్లోకి లాక్కొని ఉమ్మేస్తోందంటే ఆకలి ఉంది. ఆకలి ఉన్న చేపకి కడుపు జబ్బు కంటే నోటి జబ్బు ముందు అనుమానించాలి.

---

బోర్డు_రిపేర్_తిరుపతి (మంగళవారం, రాత్రి 10:50)

మేడం, నిన్న రాత్రి ఒంటిగంట దాకా నీళ్ళు మోసినా. ఈ రోజు మళ్ళ మార్చినా. అమ్మోనియా 0.5కి వచ్చింది. చెంపలు కొంచెం నెమ్మదించినాయి.

ఈ రోజు అంగడి నుంచి మైక్రోస్కోపు ఇంటికి ఎత్తుకొచ్చినా. స్టాండు విప్పి, అద్దానికి ఆనించి, స్క్రీను మీద వేసి పెట్టినా. మా పాప, అమ్మ, పక్కింటి పిల్లోడు అందరూ కూర్చున్నారు, క్రికెట్టు మ్యాచ్ చూసినట్టు. ఇరవై నిమిషాలు కాచుకుంటే బోండా వచ్చి అద్దానికి పొట్ట ఆనించింది.

అవి చుక్కలు కావు మేడం. ముళ్ళు! ఒక్కొక్కటి చర్మంలోంచి పైకి పొడుచుకొని, మొన కొంచెం వెనక్కి వాలి ఉండాది. వరసగా, ఎవురో కొలిచి నాటినట్టు. పొట్ట లోపలికి పోయినందుకు చర్మం ముడతపడి ఆ మొనలన్నీ బయటపడినాయి. ఇన్ని రోజులు కంటితో చూసి రవ్వ అనుకున్నా. లేని జబ్బుకి మందేసి ఉన్న చేపని చంపబోయినా.

నోరు చూస్తే నాకే నొప్పి పుట్టింది. పై పళ్ళు కింది పెదవి దాటి బయటికి వేలాడతా ఉండాయి, చిలక ముక్కు మాదిరి. నోరు మూతపడే ప్రసక్తే లేదు. కింది పళ్ళు లోపలి నుంచి పై పళ్ళకి తగులుకొని ఆగిపొయ్యినాయి. పురుగుని పట్టుకోవాలంటే పట్టుకునే సందే లేదు.

ఇది ఎట్ల వచ్చింది?

---

ముత్తుకూరు_బ్యాచ్ (మంగళవారం, రాత్రి 11:35)

ముళ్ళు అని చూసి చెప్పారు చూడండి, అది చాలామందికి కనపడదు. పొలుసుల బదులు వీటికి ఉండేవి అవే. ఉబ్బినప్పుడు నిక్కబొడుచుకుంటాయి.

పళ్ళు ఎట్ల వచ్చాయంటే, అన్నా, మీ అమ్మగారి వంటింటి నుంచి వచ్చాయి, ఏమీ అనుకోకండి. పఫర్‌కి పైన రెండు, కింద రెండు పళ్ళు, ఒకదానికొకటి అతుక్కొని ముక్కులాగా ఉంటాయి. టెట్రాడాన్ అన్న పేరుకి అర్థమే గ్రీకులో నాలుగు పళ్ళు. అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఎలుక పళ్ళ మాదిరి. ఏట్లో ఉన్నప్పుడు నత్తలు, పీతలు, గుల్లలు కొరికి కొరికి అరగదీసుకుంటుంది. మీరు ఇన్నాళ్ళూ మెత్తని పురుగులు పెట్టారు. అరగడానికి ఏమీ లేదు.

విచిత్రం ఏమిటంటే ఈ చేప మీద సైన్సు వాళ్ళకి చాలా మోజు. వెన్నెముక ఉన్న జీవుల్లో అతి చిన్న జీనోముల్లో దీనిది ఒకటి, 2004లోనే మొత్తం చదివి ప్రచురించారు. డీఎన్‌ఏ అక్షరాలన్నీ చదివేశారు, అంగట్లో మాత్రం నత్త పెట్టమని చెప్పే దిక్కు లేదు.

ఇప్పుడు దారి ఒకటే, పళ్ళు కత్తిరించాలి. ఇంత పెరిగాక నత్త పెట్టినా కొరకలేదు. పది రోజులు తినలేదు కాబట్టి ఎక్కువ ఆగకూడదు, కానీ అమ్మోనియా సున్నాకి దగ్గరయ్యేదాకా మత్తు ఇవ్వకూడదు. రెండు రోజులు నీళ్ళు మార్చండి, గురువారం చేయండి. చేపలు చూసే వెటర్నరీ డాక్టరు దొరికితే వారి చేత చేయించడమే మంచిది. దొరక్కపోతే మీ చేతులు నాకు నమ్మకమే. సెల్‌ఫోన్ బోర్డు మీద టంకం పెట్టే చెయ్యి వణకదు.

మత్తుకి లవంగ నూనె. పంటి నొప్పికి మన ఇళ్ళల్లో పెట్టుకునేదే, పంటి పనికే వాడుతున్నాం. కల్తీ లేనిది తీసుకోండి. నేరుగా తొట్టిలో వేయకూడదు, నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, నూనె చుక్కలు వేసి, పాలలాగా తెల్లబడేదాకా బాగా కుదపండి. తొట్టి నీళ్ళు రెండు లీటర్లు ఒక గిన్నెలోకి తీసుకొని చేపని వదలండి. లీటరుకి ఒక చుక్క చొప్పున మొదలుపెట్టి, నాలుగైదు నిమిషాలు చూసి, చాలకపోతే ఇంకొక అర చుక్క. మొదట ఈదడం తడబడుతుంది, తర్వాత పక్కకి ఒరుగుతుంది. చెంపలు నెమ్మదిగా అయినా ఆడుతూ ఉండాలి. ఆగిపోతే వెంటనే మంచి నీళ్ళలోకి.

అన్నిటికంటే ముఖ్యం, గాలిలోకి ఎత్తొద్దు. నీళ్ళతో ఉబ్బితే ఉమ్మేస్తుంది. గాలి మింగి ఉబ్బితే ఆ గాలి బయటికి పంపలేక తలకిందులుగా తేలుతూ చచ్చేవి ఉన్నాయి. గిన్నెలో, నీళ్ళ కిందే, తడిగుడ్డలో పట్టుకొని పని కానివ్వండి. కొంచెం కొంచెం కత్తిరించండి. ఒకేసారి మొదలంటా కాదు, నోరు మూతపడితే చాలు. అర నిమిషంలో ముగించాలి.

---

పాత_బస్టాండ్ (బుధవారం, మధ్యాహ్నం 2:10)

250 రూపాయల చేపకి ఇంత ఆపరేషనా? కొత్తది కొనుక్కోవచ్చు కదా బాస్. పైగా పఫర్ అంటే విషం అంటారు. చెయ్యి పెట్టి నువ్వు ఆస్పత్రి పాలైతే ఖర్చు ఎంత?

---

కొళత్తూర్_వీకెండ్ (బుధవారం, మధ్యాహ్నం 2:45)

ముట్టుకుంటే విషం ఎక్కదు. పఫర్లలో ఉండే టెట్రోడోటాక్సిన్ కాలేయంలో, గుడ్లలో, కొన్నిట్లో చర్మంలో ఉంటుంది, తింటేనే ప్రమాదం. కాబట్టి తినకండి, చస్తే పిల్లికి వేయకండి. చేతిని కాపాడుకోవాల్సింది విషం నుంచి కాదు, కాటు నుంచి. నత్త గుల్లని పటుక్కున పగలగొట్టే నోరు అది.

---

బోర్డు_రిపేర్_తిరుపతి (గురువారం, రాత్రి 11:55)

అయిపొయ్యింది. బతికే ఉండాది. ముందు అది చెప్పి తర్వాత కథ చెప్తా.

పాత బస్టాండు అన్నకి ఒక మాట. నా అంగడికి రెండువేల ఫోను పట్టుకొని వచ్చి, పదిహేను వందలు పెట్టి రిపేరు చేయించుకొని పొయ్యేవాళ్ళు ఉండారు. లోపల వాళ్ళ నాయన గొంతు ఉంటుంది, పిల్లోడి మొదటి ఫోటో ఉంటుంది. ధర చూసి రిపేరు చేసేటట్టయితే నేను ఎప్పుడో అంగడి మూసుండాలి.

డాక్టరు కోసం ఇద్దరిని అడిగితే ఇద్దరూ గొడ్లు, కుక్కలు అన్నారు. ఇంగ నేనే. గాంధీ రోడ్డు పక్క సందులో నాటు మందుల అంగట్లో లవంగ నూనె తీసుకున్నా. ఆయన "పన్నా?" అన్నాడు. పన్నే అన్నా. ఎవురిదో చెప్పలేదు.

సందకాడ అమ్మ గుడికి పొయ్యినాక వంటింట్లో కాదు, వెనక బాత్రూం అరుగు మీద పెట్టుకున్నా. ఒక ప్లాస్టిక్ గిన్నె మత్తుకి, ఒక బక్కెట్టు తొట్టి నీళ్ళతో, దాంట్లో ఎయిర్ పంపు ఆడతా. తలకి హెడ్ లైటు. చేతికి కట్టరు, బోర్డు మీద పార్టుల కాళ్ళు కోసే సన్న మొన కట్టరు కొత్తది ఒకటుండె, దాన్ని వేడి నీళ్ళలో కడిగి పెట్టుకున్నా. ఫోను మా పాప చేతిలో, మేడం రాసింది గట్టిగా చదవమని.

రెండు లీటర్లకి రెండు చుక్కలు. మూడో నిమిషానికి బోండా తాగినోడి మాదిరి గిన్నె అంచుకి తగులుకుంటా తిరిగింది. ఐదో నిమిషానికి పక్కకి వాలింది. ఒక కన్ను పైకి, నన్నే చూస్తా ఉండాది. ఆ కన్ను తిరగడం ఆగలేదు, మత్తులో కూడా. చెంపలు ఆడతా ఉండాయి. పాప "నాన్నా, చచ్చిపోయిందా" అనింది. నాకు గొంతు రాలేదు, తల అడ్డంగా ఊపినా.

పాత బనీను గుడ్డ తడిపి నీళ్ళ కిందే చుట్టి పట్టుకున్నా. చేతికి ఎట్లుండిందంటే ఉడకబెట్టిన గుడ్డుకి గరుకు కాగితం చుట్టినట్టు. కట్టరు పెట్టినా. మొదటి తూరి జారింది. రెండో తూరి టిక్కుమని చిన్న చప్పుడు, నీళ్ళలో కూడా వినిపించింది, వేళ్ళకి తెలిసింది. తెల్ల పెంకు ముక్క ఒకటి అడుక్కి పొయ్యింది, నువ్వుగింజలో సగం ఉంటుంది. ఇంగొక టిక్కు. మూడోది కోసే లోపల పాప "నాన్నా ఇరవై ఎనిమిది" అనింది, లెక్కపెడతా ఉండింది నేను చెప్పకనే. ఆపేసినా. వంకరగానే ఉండాది, కానీ పెదాలు కలిసినాయి.

బక్కెట్టులోకి మార్చి గాలి బుడగల దగ్గర పట్టుకున్నా. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో తోక అదిరింది. మూడో నిమిషానికి నా వేలి మీద నుంచి జారి పొయ్యి బక్కెట్టు గోడకి కొట్టుకొని, ఉబ్బింది. పూర్తి బోండా. నీళ్ళలోనే ఉబ్బింది కాబట్టి భయపడలేదు. కాసేపటికి తుస్సుమని దిగింది.

అమ్మ వచ్చి బాత్రూంలో లవంగం వాసన ఏందిరా అని అడిగింది. పంటి నొప్పి అన్నా.

---

ముత్తుకూరు_బ్యాచ్ (శుక్రవారం, ఉదయం 7:05)

బాగా చేశారు అన్నా. ముప్పై సెకండ్లకి ఆపేశారు చూడండి, అక్కడే చాలామంది ఇంకొంచెం, ఇంకొంచెం అని చేప ప్రాణం మీదికి తెస్తారు. మిగతాది నత్తలే చూసుకుంటాయి.

ఈ రోజు తినకపోయినా కంగారు వద్దు. మెత్తనిది చిన్న ముక్క పెట్టి చూడండి. తినడం మొదలుపెట్టాక నత్తలు. కాలవ నత్తలు, మడి నత్తలు తేవద్దు, వాటితో పురుగులూ వస్తాయి, పొలం మందులూ వస్తాయి. మీరే ఒక టబ్బులో పెంచుకోండి, క్యారెట్ ముక్క, పాలకూర వేస్తే చాలు. గోరంత నత్తలు వారానికి మూడు నాలుగు. రొయ్యలు తల, పెంకుతో సహా పెట్టొచ్చు. కానీ ఎప్పుడూ రొయ్యలే పెడితే దానికి బీ1 విటమిన్ తగ్గుతుంది.

శనివారం ఉపవాసం ఉంచండి. నవ్వుకోకండి, నిజంగానే మంచిది. పఫర్ ఎంత పెట్టినా తింటూనే ఉంటుంది, పెరిగిన చేపకి వారానికో రోజు కడుపు ఖాళీగా ఉండటం మేలు.

ఇంక ఉప్పు. బాదమాకు గారు చెప్పిన కల్లుప్పు వంటకి. మనకి అక్వేరియం అంగళ్ళలో దొరికే మెరైన్ సాల్ట్ కావాలి, దాంట్లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, పీహెచ్ పడిపోకుండా పట్టుకుంటుంది. హైడ్రోమీటర్ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపించేది) ఒకటి కొనండి. దాని మీద మొదటి గురి 1.005. లీటరుకి దగ్గర దగ్గర ఎనిమిది గ్రాములు, అంటే మీ 60 లీటర్లకి 480 గ్రాములు. ఒకేసారి పోస్తే ఫిల్టర్లో బ్యాక్టీరియా మళ్ళీ చస్తుంది, మళ్ళీ అమ్మోనియా. వారానికి 160 గ్రాములు, మూడు వారాలు. నీళ్ళు మార్చేటప్పుడు కొత్త నీళ్ళలో ముందే కరిగించి పోయాలి. చేప ఉన్న తొట్టిలో పలుకులు వేయకూడదు. నీళ్ళు ఆవిరైపోతే మాత్రం మంచినీళ్ళే పోయండి, ఉప్పు ఆవిరి కాదు.

సంవత్సరం తిరిగేలోపు పెద్ద తొట్టి చూసుకోండి. నిండా పెరిగిన చేపకి నూట పదిహేను లీటర్లకి తక్కువ వద్దు.

---

బాదమాకు (శుక్రవారం, ఉదయం 9:40)

సారీ బ్రో, మా గప్పీల లెక్కలో చెప్పా. ముళ్ళు అని నాకసలు తట్టలేదు.

---

మామిడితోట_దామలచెరువు (శుక్రవారం, రాత్రి 8:30)

నేను రేపు తిరుపతికి వస్తా ఉండా, మా కాలవలో నత్తలు బకెట్టుడు తెచ్చేదా అని రాద్దామనుకున్నా. ఆయమ్మ వద్దని రాసింది. సరే, నత్తలు లేవు. మామిడికాయలు తెస్తా, మీ అమ్మకి ఇయ్యి. పంటి నొప్పి ఉండాదంటివే, నువ్వు పులుపు తినొద్దు.

---

బోర్డు_రిపేర్_తిరుపతి (ఆ పై వారం ఆదివారం, రాత్రి 10:15)

పళ్ళు కోసి పది రోజులు గడిచినాయి.

కోసిన మర్నాడు సాయంత్రం ఒక పురుగు మింగింది. ఉమ్మలేదు. నేను అంగట్లో ఉంటే పాప ఫోను చేసి చెప్పింది, ఒక కస్టమరు ముందే కేకేసినా. శనివారం ఉపవాసం యథాప్రకారం. ఆదివారం నుంచి తిండి మీద పడింది. పొట్ట మళ్ళ తెల్లబడింది, నిండింది, ముళ్ళు కనపడటం లేదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, మూడు తూర్లు చూసినా. కిట్ వాళ్ళది వాళ్ళకిచ్చి సొంతంగా ఒకటి తెప్పించుకున్నా. ఉప్పు మొదటి వారం 160 గ్రాములు కరిగించి పోసినా, హైడ్రోమీటర్ 1.002 చూపిస్తా ఉండాది.

అమ్మకి నిజం తెలిసిపొయ్యింది, పాప చెప్పేసింది. నన్ను తిట్టలేదు. "నోరు పట్టకుండా దానికి పది దినాలు పస్తు పెట్టినావు గదరా" అనింది, అంతే. మామిడికాయలు ఆవకాయ అయినాయి. రొయ్యకి మాత్రం ఒప్పుకోలేదు. అంగట్లో చిన్న ఫ్రిజ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌ది చూస్తా ఉండా.

నత్తలకి ఒక నీలం టబ్బు పెట్టినా. తులసికోట పక్కన నీడ ఉంటుందని అక్కడ పెడితే అమ్మ ఎత్తి పారేయబోయింది, ఇప్పుడు డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఉండాది. చెన్నై నుంచి కొళత్తూరన్న పన్నెండు నత్తలు తడి కాగితంలో చుట్టి బస్సులో పంపించినాడు. గుడ్లు అప్పుడే టబ్బు గోడకి జిగురు మాదిరి అంటుకొని ఉండాయి.

నిన్న కాదు, నిన్న శనివారం, మొన్న రాత్రి మొదటి నత్త వేసినా. బోండా దాని చుట్టూ రెండు చుట్లు తిరిగింది, నత్త తల బయటికి పెట్టేదాకా కదలకుండా కాచుకుంది. తర్వాత పటుక్కుమనింది. టీవీ ఆడతా ఉంటే కూడా ముందు గదిలోకి వినిపించింది.

మేడం, ఒక్క సందేహం. గుల్ల ముక్కలు అడుగున పడుంటే తీసేయాల్నా, అట్లే ఉంచొచ్చా?

---

ముత్తుకూరు_బ్యాచ్ (ఆదివారం, రాత్రి 10:40)

గుల్లలు ఉంచండి, మెల్లగా కరిగి కాల్షియం ఇస్తాయి. లోపల మాంసం మిగిలితే మాత్రం ఆ రాత్రే తీసేయండి.